పాపం, పశ్చాత్తాపం, శిక్ష: మా మద్రాసు చదువరులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోడంబాక్కంలో ఒక ఇంటి మేడ మీద, నెలకు రెండు ఆదివారాలు, సాయంత్రం అయిదింటికి మేం కొంతమందిమి కూర్చుని తెలుగు పుస్తకాలు చదువుకుంటాం. ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్ళు వింటారు. ఈ ఏడాదంతా ఒకే విషయం పట్టుకున్నాం: పాపం చేసిన మనిషి లోపల ఏం జరుగుతుంది, అతనికి పడే శిక్ష ఎలాంటిది. కొత్తగా వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. ఇవి నా జవాబులు. మాలో వీటిని ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, వాళ్ళతో వాదన ప్రతిసారీ టీ చల్లారిపోయేదాకా సాగుతుంది.

తప్పు, నేరం, పాపం: మూడూ ఒకటే కదా?

కాదు. లెక్కల్లో తప్పు చేస్తాం, దిద్దుకుంటాం. నేరం సంగతి పోలీసులు, కోర్టు చూసుకుంటారు. పాపానికి సాక్షి అక్కర్లేదు. మన భాషలో దానితో వచ్చే క్రియలు చూడండి: పాపం తగులుతుంది, చుట్టుకుంటుంది, మూటగట్టుకుంటాం, చివరికి పండుతుంది. మోయాల్సిన బరువులా, పక్వానికి వచ్చే కాయలా దాన్ని మనవాళ్ళు ఊహించుకున్నారు.

ఇంకో సంగతి ఉంది. ఎవరైనా జారిపడితే "అయ్యో పాపం" అంటాం. చెడ్డపనికీ, జాలికీ మనకు ఒకటే మాట. ఇక్కడ తమిళంలోనూ అంతే, బస్సులో నిలబడ్డ ముసలమ్మను చూసి "పావం" అంటారు. పాపం చేసినవాడిని చూసి కూడా "పాపం" అనగలిగిన భాషలో ఈ కథలు చదవడం నాకు పెద్ద అదృష్టంగా అనిపిస్తుంది.

గిల్ట్ అనేదానికి తెలుగులో మాటే లేదంటారు. నిజమేనా?

ఒక్క మాట లేదు, నిజమే. "అపరాధ భావన" అని వ్యాసాల్లో రాస్తాం గానీ ఇంట్లో ఎవరూ అనరు, "గిల్టీగా ఉంది" అనేస్తాం. కానీ ఆ బాధకు మాటలు బోలెడున్నాయి. మనసు పీకుతోంది అంటాం. లోపల తొలిచేస్తోంది, వాళ్ళ ఎదుటికి వెళ్ళడానికి మొహం చెల్లడం లేదు అంటాం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత ఉండనే ఉంది. పశ్చాత్తాపం అన్న మాటను విడదీసి చూడండి. పశ్చాత్ అంటే తరవాత, తాపం అంటే కాలడం. పని అయిపోయాక మొదలయ్యే మంట అన్నమాట.

మన పురాణాల్లో శాపాలే గానీ పశ్చాత్తాపం ఎక్కడుంది? అది పాశ్చాత్యుల సరుకు కదా?

ఈ ప్రశ్న ప్రతి నెలా వస్తుంది. నేను ప్రతిసారీ దశరథుడి దగ్గరికే తీసుకెళ్తాను.

రాముడు అడవికి వెళ్ళిన ఆరో రాత్రి. కౌసల్య అప్పటికే దశరథుణ్ణి పరుషమైన మాటలన్నీ అంది. ఆయన ఆమెకు చేతులు జోడించాడు. ఆమె నొచ్చుకుని తన మాటలు వెనక్కి తీసుకుంది. ఆయనకు కాస్త నిద్ర పట్టింది. అర్ధరాత్రి మెలకువ వచ్చింది. అప్పుడు, అన్నేళ్ళుగా లోపల పెట్టుకున్న సంగతి మొదలుపెడతాడు. అప్పటికి నీకు నాతో పెళ్ళి కాలేదు, నేను యువరాజుని, అంటాడు. వానాకాలం, సరయూ తీరం, చీకటి. కడవ మునిగిన బుడబుడ శబ్దం. ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని శబ్దాన్ని బట్టి బాణం వేశాడు. వినిపించింది మనిషి గొంతు. గుడ్డివాళ్ళయిన తల్లిదండ్రులకు నీళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చిన కుర్రవాడు.

ఇక్కడ చాలామంది శాపం దగ్గరికి పరిగెడతారు. దయచేసి ఆగండి. దశరథుడు అదే కడవ నింపుకుని ఆ ముసలివాళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళాడు. అడుగుల చప్పుడు విని తండ్రి, కొడుకే అనుకుని, ఇంత ఆలస్యమైందేం నాయనా అని పలకరించాడు. దశరథుడు నేను మీ కొడుకుని కాను అని చెప్పాలి. చెప్పాడు. అప్పుడు ఆ తండ్రి అన్న మాట వాల్మీకంలో ఉంది: ఈ పని నువ్వే వచ్చి నాతో చెప్పి ఉండకపోతే నీ తల లక్ష వక్కలయ్యేది. శాపం ఆ తరవాత వచ్చింది: నాలాగే నువ్వూ పుత్రశోకంతో పోతావు.

అంటే శిక్ష ఉంది, కానీ చెప్పినందుకు కొంత తగ్గింది. చేసిన పాపం చెబితే పోతుందని మనవాళ్ళు అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు, అదీ పూర్తిగా పోదన్న షరతుతో. ఆ తండ్రికి చెప్పాడు గానీ భార్యకు మాత్రం తన చివరి రాత్రి దాకా చెప్పలేదు. కథ ముగిసేసరికి ఆయనకు కళ్ళు కనిపించడం లేదు. కౌసల్యా, నన్ను ఒకసారి తాకు, అంటాడు.

మేం ఇది చదివిన సాయంత్రం కరెంటు పోయింది. ఫోన్ లైటు వెలుగులో చదువు సాగింది. మాలో ఎనభై దాటిన పెద్దాయన ఒకరు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు, పెట్టుకోలేదు. "కౌసల్యకే ఎందుకు చెప్పాడో నాకు తెలుసమ్మా" అన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు.

తెలియక చేసింది కూడా పాపమేనా?

కావ్యాలు దీనికి ఒకే జవాబు ఇవ్వవు. గ్రీకు కవి సోఫోక్లీస్ నాటకంలో ఈడిపస్‌కు తాను చంపింది తండ్రినని తెలియదు, పెళ్ళాడింది తల్లినని తెలియదు. అయినా తీబ్స్ నగరానికి తెగులు పట్టింది. నిజం తెలిశాక, చనిపోయిన జొకాస్టా (తల్లీ, భార్యా అయిన ఆమె) బట్టలకున్న పిన్నులు తీసి తన కళ్ళు తానే పొడుచుకున్నాడు. ఆ శిక్ష వేసింది తనే.

భారతం ఇదే ప్రశ్నను తిరగేసి అడిగింది. మాండవ్యుడి ఆశ్రమంలో దొంగలు దాక్కున్నారు. మౌనంలో ఉన్న ముని జవాబు చెప్పలేదు. రాజభటులు ఆయన్నీ కొరత వేశారు. ఆ తరవాత ఆయన యముడి దగ్గరికి వెళ్ళి, నేనేం చేశానని నాకీ శిక్ష అని నిలదీశాడు. చిన్నప్పుడు తూనీగలను పుల్లకు గుచ్చావు అన్నాడు యముడు. మాండవ్యుడు ఒప్పుకోలేదు. పద్నాలుగేళ్ళు నిండేదాకా పిల్లలు చేసింది పాపం కిందికి రాదని కొత్త కట్టడి చేసి, న్యాయం తప్పిన యముణ్ణే భూమ్మీద పుట్టమని శపించాడు. అలా పుట్టినవాడే విదురుడు. శిక్ష వేసేవాడికి శిక్ష పడిన కథ ఇది. నన్నయ ఆదిపర్వంలో ఉంది, తప్పకుండా చదవండి.

ఒక్క అబద్ధానికి ధర్మరాజు నరకం చూడాలా? అన్యాయం కాదా?

అన్యాయమనే మాలో సగం మంది అంటారు. ద్రోణుడితో అశ్వత్థామ చచ్చాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న మాట గొణిగాడు. అంతవరకు నేలకు నాలుగు అంగుళాల పైన నడిచే ఆయన రథం ఆ క్షణంలో నేలకు దిగింది. చివర్లో ఇంద్రుడు చెప్పే కారణం సూటిగా ఉంటుంది: నువ్వు ద్రోణుణ్ణి మిషతో మోసం చేశావు, నీకు నరకాన్నీ ఒక మిషతోనే చూపించాం.

కానీ ఆయనకు అసలు శిక్ష ఆ కాసేపు చూసిన నరకమని నేను అనుకోను. యుద్ధం అయ్యాక, చనిపోయినవాళ్ళకు నీళ్ళు వదిలేటప్పుడు, కర్ణుడికి కూడా వదలండి, అతను మీ అన్న అని కుంతి చెప్పిందే, అక్కడ మొదలైంది. శాంతిపర్వం తెరవగానే రాజ్యం గెలిచిన మనిషి నాకీ రాజ్యం వద్దంటూ కూర్చుని ఉంటాడు. అర్జునుడు చెప్పాడు, భీముడు కసిరాడు, ద్రౌపది కోప్పడింది, వ్యాసుడు నచ్చజెప్పాడు. ఎవరి మాటా ఎక్కలేదు. ఆడవాళ్ళ దగ్గర రహస్యం నిలవకూడదని శాపం పెట్టింది ఆ బాధలోనే. ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదని ఈ కథ చెప్పి నవ్వుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన సొంత అన్నను చంపించుకున్న మనిషన్న సంగతి మర్చిపోతున్నారు. తన తప్పు మోయలేక దాన్ని తల్లి మీదికి, అక్కణ్ణించి లోకంలో ఆడవాళ్ళందరి మీదికి నెట్టాడు. ధర్మరాజంతటివాడికి కూడా అది తప్పలేదు.

స్వర్గారోహణ పర్వంలో ఆయన దీన్ని సరిచేసుకుంటాడనిపిస్తుంది నాకు. నరకంలో తమ్ముళ్ళ గొంతులు, ద్రౌపది గొంతు, కర్ణుడి గొంతు వినిపించగానే, దారి చూపించడానికి వచ్చిన దేవదూతను నువ్వు వెళ్ళు, నేనిక్కడే ఉంటాను అన్నాడు.

అశ్వత్థామను ద్రౌపది ఎందుకు వదిలేయమంది?

పోతన భాగవతం ప్రథమ స్కంధం తీసుకురండి, పక్కన ఒక చేతిరుమాలు కూడా. నిద్రపోతున్న అయిదుగురు కొడుకులను చంపినవాణ్ణి అర్జునుడు కట్టేసి తెచ్చి తల్లి ముందు నిలబెట్టాడు. ఆమె ముందు గురుపుత్రుడని నమస్కరించింది. యుద్ధంలో లేని, నీకేమీ ద్రోహం చేయని, నిద్రలో ఉన్న చిన్నపిల్లలను చంపడానికి "నీ చేతులెట్లాడెనో" అని అడిగింది. తిట్టు కాదది, నిజంగా అర్థంకాక అడిగిన ప్రశ్న. తరవాత, ఇతని తల్లి కూడా నాలాగే ఏడవాలా, వదిలేయండి అంది.

భీముడు చంపాల్సిందే అన్నాడు. కృష్ణుడి సలహా అర్థం చేసుకుని అర్జునుడు అతని తలమీది మణిని జుట్టుతో సహా కోసి వెళ్ళగొట్టాడు. వ్యాసభారతం సౌప్తిక పర్వంలో కృష్ణుడి శాపం ఇంకా ఉంది: మూడు వేల ఏళ్ళు ఎవరూ తోడులేకుండా, మాట్లాడే దిక్కు లేకుండా తిరుగు. ఉరితీయడం కన్నా ఇది దయగల శిక్షా, క్రూరమైనదా? మేం రెండు ఆదివారాలు వాదించుకున్నాం, తేలలేదు.

గుణనిధి లాంటివాళ్ళు ఇన్ని చెడ్డపనులు చేసి నేరుగా కైలాసానికి పోవడమేంటి?

శ్రీనాథుడి కాశీఖండంలో గుణనిధి జూదరి. తండ్రి ఉంగరాన్ని కూడా జూదంలో ఒడ్డాడు. శివరాత్రి నాడు ఆకలికి గుళ్ళో దూరి, ప్రసాదం కనబడడానికి తన బట్ట చింపి దీపం వెలిగించాడు. బయటికి పోతూ నిద్రపోతున్నవాళ్ళను తొక్కి దొరికిపోయాడు. కొట్టి చంపేశారు. శివుడి మనుషులు వచ్చి తీసుకెళ్ళారు, తరవాతి జన్మల్లో కుబేరుడు అయ్యాడు.

ఇవి క్షేత్రాల, పర్వదినాల గొప్ప చెప్పడానికి పుట్టిన కథలు. చట్టం పుస్తకాల్లా చదవకండి. అయినా ఒకటి గమనించండి: గుప్పెడు అన్నానికి వాడు దెబ్బలు తిని చచ్చాడు. శిక్ష ముందే పడింది, దయ ఆ తరవాత వచ్చింది. ఇందులో నన్ను పట్టి ఆపేది తల్లి. కొడుకు ఎక్కడున్నాడని భర్త అడిగినప్పుడల్లా ఏదో ఒక అబద్ధం చెప్పి వెనకేసుకొచ్చిన తల్లి. ఆమె పాపానికి లెక్క ఎక్కడా రాదు.

రష్యన్ నవల చూస్తే భయమేస్తోంది. అంత లావు పుస్తకం చదవగలమా?

దస్తయేవ్‌స్కీ "నేరము-శిక్ష" గురించేగా? భయపడకండి. 1866లో పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల అది, తరవాత ఏమవుతుందోనన్న టెన్షన్‌తోనే నడుస్తుంది. ఆరు భాగాలు, చివర ఒక ఉపసంహారం. హత్య మొదటి భాగంలోనే అయిపోతుంది. మిగతా పుస్తకమంతా శిక్షే, పోలీసులు ఇంకా పట్టుకోకముందే మొదలైన శిక్ష.

రస్కోల్నికోవ్ చదువు మానేసిన పేద విద్యార్థి. తన గది నుంచి తాకట్లు పెట్టుకునే ముసలామె ఇంటికి 730 అడుగులని ముందే లెక్కపెట్టుకున్నాడు. గొడ్డలి దాచడానికి కోటు లోపల ఒక ఉచ్చు కుట్టుకున్నాడు. ఇంత ప్లాను వేసుకున్నవాడు, ఆ సమయానికి ఇంటికొచ్చిన ఆమె చెల్లెలు లిజవేతను కూడా చంపాల్సి వస్తుందని అనుకోలేదు. దోచుకున్న సొమ్మును ఒక రాయి కింద పెట్టి మళ్ళీ ముట్టుకోలేదు. పర్సులో ఎంత ఉందో కూడా చూడలేదు. అందులో 317 రూబుళ్ళున్నాయని కోర్టులో తేలుతుంది. గొప్పవాళ్ళకు హద్దులు దాటే హక్కుందన్న సిద్ధాంతం కోసం రెండు ప్రాణాలు తీసినవాడికి ఆ డబ్బు అక్కర్లేకపోయింది.

అతను తన నేరం చెప్పుకున్న పేద అమ్మాయి సోన్యా. ఆమె అతనికి చెప్పింది నాలుగు రోడ్ల కూడలికి వెళ్ళి, నేలను ముద్దు పెట్టుకుని, నేను చంపాను అని నలుగురూ వినేలా చెప్పమని. దశరథుడు కడవ నింపుకుని నడిచిన నడకే ఇది. రస్కోల్నికోవ్ కూడలి దాకా వెళ్ళాడు, నేలను ముద్దు పెట్టుకున్నాడు, చూసినవాళ్ళు తాగి ఉన్నాడని నవ్వేసరికి ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. చివరికి స్టేషన్‌లో చెప్పాడు. సైబీరియాలో ఎనిమిదేళ్ళు. రాసినవాడికి ఆ చోటు తెలుసు. 1849లో ఆయనకు మరణశిక్ష వేసి, కాల్చడానికి నిలబెట్టి, ఆఖరి నిమిషంలో మార్చి సైబీరియాకు పంపారు. ఓమ్స్క్‌లో నాలుగేళ్ళు కఠిన శిక్ష అనుభవించాడు.

మా పిల్లలు బడిలో తమిళం చదువుతారు. వాళ్ళకు దగ్గరయ్యే కథ ఏదైనా ఉందా?

మెరీనాకు తీసుకెళ్ళండి. చేతిలో అందె పట్టుకుని నిలబడ్డ కణ్ణగి విగ్రహం చూపించండి. 1968లో ప్రపంచ తమిళ మహాసభల సమయంలో పెట్టారు, 2001లో తీసేశారు, 2006లో మళ్ళీ పెట్టారు. తమిళ కావ్యం సిలప్పదికారంలో నాయిక ఆమె. ఆమె భర్త కోవలన్‌ను, రాణి అందె దొంగిలించాడని విచారణ లేకుండా చంపించాడు పాండ్యరాజు. రాణి అందెలో ముత్యాలున్నాయి. కణ్ణగి తన అందె పగలగొడితే మాణిక్యాలు చిందాయి. నేను రాజునా, నేనే దొంగని, అని ఆ రాజు అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. నేను చదివిన కథల్లో ఇంత తొందరగా తప్పు ఒప్పుకున్న రాజు ఇంకొకడు లేడు. ఆ తరవాత మదురై తగలబడింది. ముసలివాళ్ళను, పిల్లలను ముట్టుకోవద్దని కణ్ణగి అగ్నికి చెప్పిందట, అయినా ఒక మనిషి తప్పుకు ఊరు కాలడం నాకు మింగుడుపడదు. పిల్లలతో ఈ ముక్కే మాట్లాడండి. వాళ్ళు బాగా వాదిస్తారు.

హైకోర్టు ఆవరణలో మనునీతి చోళుడి విగ్రహం ఉంది. దూడను రథంతో తొక్కిన కొడుకును అదే రథంతో తొక్కించిన రాజు. ఆ కథ చిన్నపిల్లలకు వద్దు.

శిక్షంతా ఆడవాళ్ళకేనా?

కోపం వచ్చే ప్రశ్నే, రావాలి కూడా. హాథార్న్ 1850 నవల "ద స్కార్లెట్ లెటర్"లో హెస్టర్, భర్తకు కాని బిడ్డను కన్నందుకు, గుండెల మీద ఎర్ర అక్షరం కుట్టుకుని ఊళ్ళో తిరిగింది. ఆ బిడ్డకు తండ్రి అయిన పాస్టరు ఏడేళ్ళు నోరు విప్పకుండా ప్రవచనాలు చెప్పాడు. కానీ కుళ్ళి కృశించింది అతనే. బయట పడ్డ శిక్షను ఆమె మోసింది, నిలబడింది.

అహల్య సంగతి మనకు తెలుసనుకుంటాం. వాల్మీకి అహల్య రాయి కాలేదు. ఎవరికీ కనబడకుండా, గాలే ఆహారంగా, బూడిదలో పడి ఉంది. రాముడొచ్చాక రామలక్ష్మణులిద్దరూ ఆమె పాదాలకు నమస్కరించారు. పాదం తగిలి రాయి ఆడదైందన్న కథ తరవాతి కవులది. ఎవరు ఎవరి పాదాలు ముట్టుకున్నారో ఒకసారి ఆలోచించండి.

కన్యాశుల్కంలో పాపం ఎవరిది?

తిలాపాపం తలా పిడికెడు. కూతుళ్ళను అమ్ముకున్న తండ్రిది, కొనుక్కున్న ముసలివాడిది, కబుర్లతో బుచ్చమ్మను లేవదీసిన గిరీశానిది. ఆ నాటకంలో విచిత్రం, లుబ్ధావధాన్లు చంపాడని కేసు పడిన పెళ్ళికూతురు అసలు ఆడపిల్లే కాదు, వేషం వేసిన కుర్రాడు. జరగని నేరానికి కోర్టు, జరిగిన పాపాలకు మాత్రం ఏ కోర్టూ లేదు. చివర్లో గిరీశానికి పడిన శిక్ష ఇంట్లోంచి బయటికి నడవడం. 1892లో తొలిసారి ఆడారు, ఇక్కడ హైకోర్టు భవనం తెరిచిన ఏడాదే.

చదువుతుంటే నా సొంత విషయం ఒకటి గుర్తొచ్చి ఆగిపోయాను. మళ్ళీ రావాలంటే మొహమాటంగా ఉంది.

రండి. మా దగ్గర ఎవరూ ఎవరినీ ఏమీ చెప్పమని అడగరు.

నాది ఒకటి చెప్తాను. నేను ఇంటర్ చదివేటప్పుడు నాయనమ్మకు బాగోలేదని, నన్ను చూడాలంటోందని కబురొచ్చింది. పరీక్షలున్నాయని చెప్పి వెళ్ళలేదు. పరీక్షలు లేవు, స్నేహితులతో సినిమా ప్లాను ఉంది. ఆవిడ ఆ వారంలోనే పోయింది. దశరథుడి రాత్రి చదివిన మర్నాడు, ముప్ఫై ఏళ్ళ తరవాత, అమ్మకు చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు. "నాకప్పుడే తెలుసే. నీ హాల్ టికెట్ బీరువాలోనే ఉండేది, తేదీలు చూశాను" అంది. కాసేపయ్యాక, "ఆవిడకు మాత్రం పరీక్షలే అని చెప్పాను" అంది.

వచ్చే ఆదివారం స్త్రీపర్వం. మేడ మెట్లు ఇరుకు, లైటు కూడా సరిగ్గా లేదు, కాస్త చూసుకుని ఎక్కండి.